మార్కులు దగ్గర దగ్గరే, ఆటలు వేరు: మూడు హ్యాండ్‌హెల్డ్ టాక్టికల్ ఆర్పీజీ సీక్వెల్స్‌లో ఏది ఎంచుకోవాలి?

ఒక ఆటకు వచ్చిన రెండో భాగాన్ని సమీక్షించేవారిలో ఎక్కువమంది మొదటి భాగాన్ని ఆడినవారే అయి ఉంటారు. కాబట్టి వారిచ్చే మార్కులో ఆట మంచిచెడులతో పాటు మొదటి భాగంతో పోలిక కూడా కలిసిపోయి ఉంటుంది. మొదటి భాగం ఆడి, అలాంటిదే ఇంకొకటి కావాలనుకునే పాఠకుడికి ఆ పోలిక ఎంతో ఉపయోగపడుతుంది. నేరుగా రెండో భాగంతోనే మొదలుపెట్టదలచిన వ్యక్తిని మాత్రం అది దారి తప్పించవచ్చు. హ్యాండ్‌హెల్డ్ యంత్రాల (చేతిలో పట్టుకుని ఆడేవాటి) కోసం వచ్చిన టాక్టికల్ ఆర్పీజీల, అంటే పాత్రలను పెంచుకుంటూ పటం మీద వంతులవారీగా యుద్ధాలు నడిపే ఆటల, విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇవి పదుల గంటలు పట్టే ఆటలు. సమీక్షకుడు గడువులోగా ముగించాలి కాబట్టి గంటల తరబడి వాటి ముందు కూర్చుంటాడు. కొనుక్కున్నవారు ప్రయాణంలోనో నిద్రకు ముందో ఒక్కొక్క యుద్ధం చొప్పున నెలల పాటు ఆడతారు. ఒకే ఆట ఈ ఇద్దరికీ ఒకేలా కనిపించదు.

ఈ దృష్టితో మూడు సీక్వెల్స్‌ను ఇక్కడ పోలుస్తున్నాను. నింటెండో డీఎస్ కోసం స్క్వేర్ ఎనిక్స్ తెచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఏ2, సోనీ వారి పీఎస్పీ కోసం సెగా తెచ్చిన వాల్కిరియా క్రానికల్స్ 2, మళ్ళీ డీఎస్ కోసమే అట్లస్ తెచ్చిన డెవిల్ సర్వైవర్ 2. సమీక్షల మార్కులను పోగుచేసే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో సగటు చూస్తే మూడూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. అంటే మార్కును చూసి ఎంచుకోవాలనుకునేవారికి అక్కడ దొరికే సహాయం ఏమీ లేదు. సమీక్షల్లో మార్కు కన్నా ఫిర్యాదులకే విలువ ఎక్కువని నా అభిప్రాయం, అయితే అన్ని ఫిర్యాదులనూ ఒకే త్రాసులో తూచకూడదు. మొదటి భాగంతో పోల్చడం వల్ల పుట్టిన ఫిర్యాదు ఉంటుంది; తొందరగా ఆడవలసి రావడం వల్ల పుట్టిన ఫిర్యాదు ఉంటుంది; ఎవరు ఎప్పుడు ఎలా ఆడినా తగిలే ఫిర్యాదు ఉంటుంది. చివరి రకాన్ని మాత్రం తప్పకుండా పట్టించుకోవాలి.

ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఏ2: కథ పలుచన, పని చిక్కన

ఈ ఆట 2007 అక్టోబరులో జపాన్‌లోనూ, 2008 జూన్‌లో ఉత్తర అమెరికా, ఐరోపాలలోనూ విడుదలైంది. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అడ్వాన్స్‌కు ఇది తర్వాతి భాగం. దర్శకుడు యూఇచి మురసావా, నిర్మాత అకితోషి కవాజు, సంగీతం హితోషి సకిమోతో. బడిలో చేసిన అల్లరికి శిక్షగా గ్రంథాలయానికి వెళ్ళిన లూసో అనే కుర్రవాడు ఒక పాత పుస్తకం తెరవడంతో ఇవాలీస్ లోకంలోకి వచ్చిపడతాడు. అక్కడ సిడ్ నడిపే దళంలో చేరి, ఊరూరా దొరికే పనులు చేసుకుంటూ తిరుగు దారి వెతుకుతాడు. కథ ఇంతకన్నా పెద్దగా బరువెక్కదు.

సమీక్షకులు ఎక్కువగా ఎత్తిచూపిన లోపం కూడా ఇదే. దీన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి సందర్భం గుర్తుచేసుకోవాలి. 1997 నాటి తొలి ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ రాజవంశాల కుట్రలు, మతపీఠం కపటం, వర్గ వైషమ్యం నిండిన కథ. అది ద వార్ ఆఫ్ ద లయన్స్ పేరుతో పీఎస్పీకి 2007లోనే కొత్త అనువాదంతో తిరిగి వచ్చింది. ఆ గంభీరమైన కథ మనసులో ఇంకా తాజాగా ఉండగానే లూసో వేసవి సెలవుల సాహసాన్ని ఆడినవారికి అది తేలిపోయినట్టు అనిపించడం సహజం. గేమ్‌బాయ్ ఆటలో కూడా ఒక నైతికమైన ముల్లు ఉండేది: ఊహాలోకంలో సుఖంగా ఉన్న స్నేహితులను అసలు లోకానికి బలవంతంగా లాక్కుపోయే హక్కు కథానాయకుడు మార్ష్‌కు ఉందా అన్న ప్రశ్న ఆట పొడవునా గుచ్చుతూనే ఉంటుంది. ఏ2లో అలాంటి ముల్లు లేదు. కాబట్టి ఈ ఫిర్యాదులో కొంత పోలిక, కొంత నిజం. కథ కోసమే ఆర్పీజీలు ఆడేవారు దీన్ని నిజంగానే తీసుకోవాలి. దళాన్ని తీర్చిదిద్దుకోవడంలో ఆనందం వెతుక్కునేవారికి మాత్రం ఈ లోపం అంతగా అడ్డు రాదు, ఎందుకంటే ఈ ఆట తన శక్తినంతా పెట్టింది ఆ పనిలోనే. పాత్రలు చేపట్టగల వృత్తులు మొదటి ఆటలో 34 ఉండగా ఇందులో 56 ఉన్నాయి. ఐదు జాతులకు తోడు సీక్, గ్రియా అనే రెండు కొత్త జాతులు చేరాయి. చేయవలసిన పనుల సంఖ్య 300 వరకు ఉంటుంది.

న్యాయనిబంధనల మార్పు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే సమీక్షల్లో ఈ ఆటకు దక్కిన మెప్పులో పెద్ద భాగం దానిదే. గేమ్‌బాయ్ ఆటలో దాదాపు ప్రతి యుద్ధాన్నీ ఒక న్యాయమూర్తి పర్యవేక్షిస్తాడు. ఫలానా ఆయుధం వాడరాదు, ఫలానా మంత్రం వేయరాదు అని నిబంధనలు ఉంటాయి. వాటిని మీరితే పసుపు కార్డు, ఎర్ర కార్డు, చివరకు జైలు. కథానాయకుడే జైలుపాలైతే ఆట అక్కడితో ముగుస్తుంది. చాలామంది ఆటగాళ్ళను విసిగించిన పద్ధతి ఇది. ఏ2లో న్యాయమూర్తి ఉంటాడు కానీ జైలు లేదు. నిబంధన పాటిస్తే యుద్ధానికి ముందు మనం ఎంచుకున్న ఒక సౌలభ్యం, చివర అదనపు బహుమతులు దక్కుతాయి. మీరితే వాటిని కోల్పోతాం, పైగా ఆ యుద్ధంలో పడిపోయినవారిని తిరిగి లేపే వీలు పోతుంది. దీనితో నిబంధన ఒక శిక్ష స్థానం నుంచి ఒక బేరం స్థానానికి వచ్చింది. గెలుపు కష్టమనిపించిన చోట బహుమతిని వదులుకుని నిబంధన మీరడం కూడా ఒక వ్యూహమే అయింది. అయినా కొన్ని నిబంధనలు అదృష్టం మీద ఆధారపడి ఉంటాయని, కొట్టిన దెబ్బ తగలకపోవడం కూడా ఉల్లంఘనగా లెక్కకు రావడం అన్యాయమని వచ్చిన విమర్శ సరైనదే.

యుద్ధంలో మరో మార్పు మంత్రశక్తికి సంబంధించినది. ప్రతి పాత్రా సున్నా మంత్రశక్తితో మొదలై, వంతు వంతుకూ 10 చొప్పున పెంచుకుంటుంది. పెద్ద మంత్రాలు మొదటి వంతులోనే కురిపించి యుద్ధాన్ని ముగించేయడం ఇక కుదరదు. సమీక్షల్లో దీని గురించి మాట్లాడినవారు తక్కువ. నా దృష్టిలో మాత్రం ఆట సమతూకానికి ఇది నిబంధనల మార్పు కన్నా ఎక్కువ మేలు చేసింది, ఎందుకంటే మాంత్రికుడిని ఎక్కడ నిలబెట్టాలి, ఎన్ని వంతులు కాపాడాలి అన్న ఆలోచన ప్రతి యుద్ధంలోనూ తప్పనిసరి అవుతుంది.

ఇక ఎవరికైనా తగిలే లోపం ఒకటి ఉంది. ఈ ఆటలో నైపుణ్యాలు ఆయుధాలకూ కవచాలకూ అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ వస్తువును ధరించి కొన్ని యుద్ధాలు చేస్తేనే నైపుణ్యం పాత్రకు సొంతమవుతుంది. ఆ వస్తువులేమో బజారులో సరకులు మార్పిడి చేస్తేనే దుకాణానికి వస్తాయి. ఏ సరకు ఎప్పుడు దొరుకుతుందో మన చేతిలో ఉండదు కనుక, ఒక వృత్తిలోకి మారిన పాత్ర ఆ వృత్తి నైపుణ్యాలు నేర్చుకోలేక చాలాకాలం చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది. నెమ్మదిగా ఆడేవారికి కూడా ఇది విసుగే. దృశ్యకోణాన్ని తిప్పలేకపోవడం వల్ల ఎత్తైన గడుల వెనుక నిలబడినవారు కనిపించకపోవడం, స్పర్శతెరతో గడిని ఎంచుకోవడం నిక్కచ్చిగా లేకపోవడం చిన్న ఇబ్బందులు. బొత్తాలతో ఆడితే రెండోది పోతుంది.

పనులన్నీ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదును మాత్రం తొందర ఖాతాలో వేయాలి. వందల కొద్దీ పనులను గడువులోపల వరుసపెట్టి చేస్తే ఏ ఆటైనా మొహం మొత్తుతుంది. ఒక పూట ఒక పని చొప్పున చేసేవారికి, ప్రతి పనీ కూర్చున్న ఆ కాసేపట్లో ముగిసేంత నిడివిలో ఉండటం ఈ ఆటలోని పెద్ద సుఖం.

వాల్కిరియా క్రానికల్స్ 2: చిన్న తెరకు కోసిన యుద్ధం

2008లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చిన మొదటి వాల్కిరియా క్రానికల్స్ నీటిరంగుల చిత్రంలా కనిపించే దృశ్యాలతో, రెండో ప్రపంచయుద్ధాన్ని తలపించే కథతో విమర్శకులను గెలుచుకుంది. దాని పోరాట పద్ధతిలో గడులుండవు. పైనుంచి పటం చూసి ఒక సైనికుడిని ఎంచుకుంటాం, వెంటనే అతని వెనుక నిలబడి అతన్ని స్వయంగా పరుగెత్తిస్తాం, ఆ పరుగులో శత్రువులు కాల్పులు జరుపుతూనే ఉంటారు, గురిపెట్టినప్పుడు మాత్రం కాలం ఆగుతుంది. రెండో భాగం 2010 జనవరిలో జపాన్‌లో, ఆగస్టు చివరి నుంచి ఇతర దేశాల్లో, పీఎస్పీ మీద వచ్చింది.

మొదటి ఆటలోని విశాలమైన రణరంగం పీఎస్పీలో పట్టదు. దానికి సెగా కనిపెట్టిన ఉపాయం, పటాన్ని చిన్న చిన్న ప్రాంతాలుగా కోసి, శిబిరాలను పట్టుకుంటే ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి సైనికులను పంపే వీలు కల్పించడం. ఒక ప్రాంతంలో ఒకేసారి నిలిచేది ఐదుగురే. దీన్ని చూసి విశాలత పోయిందని బాధపడ్డ సమీక్షకులూ ఉన్నారు, ఒక ప్రాంతంలో ఒత్తిడి పెంచి ఇంకో ప్రాంతం నుంచి చొరబడే కొత్త ఆలోచనకు తావు దొరికిందని మెచ్చినవారూ ఉన్నారు. రెండోవారితోనే నేను ఏకీభవిస్తాను. మొదటి ఆటలో బలం పుంజుకున్న ఒక స్కౌట్‌ను (ఎక్కువ దూరం పరుగెత్తగల సైనికుడిని) మళ్ళీ మళ్ళీ పరుగెత్తించి శత్రు శిబిరాన్ని పట్టేస్తే అత్యున్నత శ్రేణి దక్కేది. అది వ్యూహానికి దక్కిన బహుమతి అనిపించుకోదు. ప్రాంతాలుగా కోయడం వల్ల ఆ అడ్డదారి అంత సులువుగా సాగదు.

అయితే ఆ ప్రాంతాలే తిరిగి తిరిగి రావడం నిజమైన లోపం. ఒకే వంతెన, ఒకే వీధి, ఒకే గుహ వేర్వేరు పనుల్లో మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. ఏ2లోని పనుల పునరావృతాన్ని తొందర ఖాతాలో వేసిన నేను దీన్ని వేయలేను, ఎందుకంటే ఇక్కడ వ్యూహమంతా నేల తీరు మీదే ఆధారపడుతుంది. నేల తెలిసిపోయాక ఆలోచించవలసింది తగ్గిపోతుంది.

అంతకన్నా గట్టి ఫిర్యాదు పదోన్నతుల గురించి. స్కౌట్ లాంటి ఐదు మూల తరగతులు, అంటే సైనికుల రకాలు, కొమ్మలుగా చీలి ఎన్నో ప్రత్యేక తరగతులు అవుతాయి. ఈ వైవిధ్యాన్ని దాదాపు అందరూ మెచ్చుకున్నారు. కానీ సైనికుడు పై తరగతికి వెళ్ళాలంటే యుద్ధాల్లో దక్కే నిర్దిష్టమైన యోగ్యతాపత్రాలు కావాలి, ఏ పత్రం ఎవరికి దక్కుతుందన్నది చాలావరకు అదృష్టం. కావలసిన పత్రం రాక, కావలసినవారికి రాక, అవే యుద్ధాలను మళ్ళీ ఆడవలసి వస్తుంది. పునరావృతమయ్యే పటాలూ ఈ పద్ధతీ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఈ ఆటను కొనాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు మొదట చూడవలసింది ఈ జంట లోపాన్నే.

కథ విషయంలో విమర్శ సూటిగానే వచ్చింది. సామ్రాజ్యంతో యుద్ధం ముగిసిన రెండేళ్ళకు గాలియా దేశంలో అంతర్యుద్ధం రేగుతుంది. తిరుగుబాటుదారులు డార్క్‌సెన్ జాతిని నిర్మూలించాలంటారు. ఈ భయంకరమైన నేపథ్యంలో మనం ఆడేది లాన్‌సీల్ సైనిక పాఠశాలలో అందరూ పనికిరానివాళ్ళనుకునే జీ తరగతి విద్యార్థుల కథ, వారి పోటీలు, ఆకతాయితనం, స్నేహాలు. ఈ రెండు స్వరాలూ కలవలేదని చాలామంది రాశారు, అది నిజం. కానీ నెలవారీగా సాగే పాఠశాల చట్రం వల్ల దళంలో ప్రతి ఒక్కరికీ ఒక చిన్న కథ, ఆ కథ ముగిశాక మెరుగుపడే ఒక లక్షణం దక్కాయి. మొదటి ఆటలో సైనికులలో చాలామందికి ఇలాంటి సొంత కథ దక్కలేదు. సంగీతం ఇక్కడ కూడా సకిమోతోదే.

డెవిల్ సర్వైవర్ 2: కాలం మీద పందెం

ఇది జపాన్‌లో 2011 జులైలో, ఉత్తర అమెరికాలో 2012 ఫిబ్రవరిలో వచ్చింది. డీఎస్ తర్వాతి యంత్రమైన 3డీఎస్ మార్కెట్లోకి వచ్చి అప్పటికే ఏడాది అయింది కాబట్టి, పాత యంత్రం మీద పాత బొమ్మలతో వచ్చిన ఆట అన్న మాట సమీక్షల్లో తప్పలేదు. మొదటి భాగానికి మరీ దగ్గరగా ఉందన్నది ఇంకో మాట. మొదటి భాగం ఆడనివారికి ఈ రెండూ అసలు లెక్కలోకి రావు.

పద్ధతి ఇలా ఉంటుంది. గడుల పటం మీద ఒక మనిషి, ఇద్దరు భూతాలు కలిసి ఒక జట్టుగా కదులుతారు. రెండు జట్లు ఢీకొన్నప్పుడు తెర మారి వంతులవారీ పోరాటం జరుగుతుంది. ప్రత్యర్థి బలహీనతను పట్టుకున్నవారికి అదనపు వంతు దక్కుతుంది. భూతాలను వేలంలో కొని, ఒకదానితో ఒకటి కలిపి కొత్త భూతాలను సృష్టించుకోవచ్చు. ఈ కలయికల లోతును మెచ్చుకోని సమీక్ష అరుదు. కథ ఏడు రోజులది: సప్తర్షి మండలంలోని నక్షత్రాల పేర్లు పెట్టుకున్న దాడిదారులు టోక్యో, ఒసాకా, నగోయా నగరాల మీద పడతారు, ఎవరు ఎలా చనిపోబోతున్నారో ముందే చూపే వీడియోలు కథానాయకుడి ఫోనుకు వస్తాయి. ఒకరిని కాపాడటానికి వెళ్ళినా, ఒకరితో మాట్లాడినా అరగంట కరుగుతుంది. సమయానికి చేరకపోతే ఆ వ్యక్తి నిజంగానే పోతాడు, మిగతా కథంతా అతను లేకుండానే సాగుతుంది. చివరి రోజుల్లో సమర్థులదే లోకం కావాలనే యమాతో అనేవాడి పక్షమో, అందరూ సమానమనే రొనాల్డో పక్షమో, మరో దారో ఎంచుకోవాలి. ముగింపు దాన్నిబట్టి మారుతుంది.

ఎవరికైనా తగిలే లోపం ఇక్కడ కష్టం ఉన్నట్టుండి పెరగడం. సాఫీగా సాగుతున్న ఆటలో ఒక పెద్ద యుద్ధం గోడలా అడ్డుపడుతుంది. భూతాల కలయికలను మళ్ళీ మొదటినుంచి ఆలోచించుకోక తప్పదు. ఆ ఆలోచనే ఇష్టమైనవారికి ఇది లోపంగా తోచకపోవచ్చు, కథ కోసం వచ్చినవారికి మాత్రం ఇది గట్టి అడ్డే.

ఎవరికి ఏది

వరుసగా గంటల తరబడి ఆడే వీలు లేనివారు, రోజుకు ఒక యుద్ధంతో సరిపెట్టుకునేవారు, పాత్రలను వృత్తి నుంచి వృత్తికి మార్చి చూడటంలో ఆనందించేవారు ఏ2ను ఎంచుకోవాలి. మూడింటిలో కొత్తవారిని ఎక్కువగా ఆదరించే ఆట కూడా ఇదే; ఓడినా శిక్ష తక్కువ, మొదటి భాగం తెలియకపోయినా నష్టం లేదు. దీని కథ నుంచి ఏమీ ఆశించకుండా మొదలుపెట్టడం మంచిది.

కథలో తమ నిర్ణయానికి విలువ ఉండాలనుకునేవారికి డెవిల్ సర్వైవర్ 2 తప్ప ఇక్కడ వేరే ఎంపిక లేదు. నగరం మూతపడ్డాక మనుషులు ఎలా మారతారన్నది మొదటి భాగంలో ఇంకా చిక్కగా ఉంటుంది, కాబట్టి రెండూ ఆడే ఉద్దేశం ఉన్నవారు మొదటిదానితోనే ప్రారంభించవచ్చు. ఒక్కటే ఆడదలచినవారికి, పాత్రలతో బంధం పెరిగేకొద్దీ కొత్త సామర్థ్యాలు దక్కే పద్ధతి ఉన్నందున, రెండోదే మేలు.

వాల్కిరియా క్రానికల్స్ 2ను సలహాగా ఇవ్వడానికి నాకు కొంత సంకోచం ఉంది. దాని పోరాట పద్ధతి మిగతా రెండింటిలో దొరకదు, మరొకరితో కలిసి ఆడే వీలు కూడా అందులో ఉంది. కానీ ఆ పద్ధతిని మొదటిసారి రుచి చూడాలనుకునేవారికి మొదటి భాగమే సరైన ద్వారం, అది 2016 నుంచి ప్లేస్టేషన్ 4 మీద కూడా ఉంది. మొదటి భాగాన్ని ఇష్టపడి, చేతిలో పట్టుకుని ఆడేది కావాలనుకునేవారు మాత్రమే రెండోదానికి రావాలి. అదే యంత్రం మీద 2011లో వచ్చిన మూడో భాగం జపాన్ దాటి అధికారికంగా విడుదల కాలేదు, కాబట్టి జపనీస్ రానివారికి పీఎస్పీలో ఉన్నది ఇదొక్కటే.

యంత్రాల గురించి రెండు మాటలు. డీఎస్ కోసమే తయారైన కార్ట్రిడ్జ్‌లకు ప్రాంతీయ తాళం (ఒక ప్రాంతంలో అమ్మినది ఆ ప్రాంతపు యంత్రంలోనే ఆడే కట్టడి) లేదు, అవి 3డీఎస్‌లో కూడా ఆడతాయి. 3డీఎస్ కార్ట్రిడ్జ్‌లకు మాత్రం ప్రాంతీయ తాళం ఉంది. డెవిల్ సర్వైవర్ 2కు 2015లో 3డీఎస్ కోసం రికార్డ్ బ్రేకర్ అనే విస్తృత రూపం వచ్చింది. అందులో పాత్రలకు గొంతులు, తేలిక స్థాయి, అసలు కథ తర్వాత సాగే ట్రయాంగులమ్ అనే కొత్త కథ ఉన్నాయి. సమీక్షల్లో కష్టం గురించిన ఫిర్యాదు చదివి వెనుకాడేవారు తేలిక స్థాయి ఉన్న ఈ రూపాన్నే తీసుకోవాలి. 2023 మార్చిలో నింటెండో 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆపేసింది కనుక ఇప్పుడు దాన్ని కొత్తగా డౌన్‌లోడ్ రూపంలో కొనలేరు, కార్ట్రిడ్జే వెతకాలి. కొనేముందు ఆ కార్ట్రిడ్జ్ ఏ ప్రాంతానిదో, మీ యంత్రం ఏ ప్రాంతానిదో సరిచూసుకోండి. అవి కలవకపోతే పాత డీఎస్ కార్ట్రిడ్జ్‌నే తీసుకోండి; గొంతులు లేకపోయినా, ఏడు రోజుల అసలు కథ, భూతాల కలయికలు రెంటిలోనూ ఉన్నాయి.